మల్లెపూల వెనక కరెంటు తీగ

ప్రశ్న: నేను చెన్నై పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగమ్మాయిని. పాత మహాబలిపురం రోడ్డులో ఉద్యోగం. మూడేళ్ళుగా ఫోటోల పిచ్చి పట్టుకుంది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ అంటే ప్రాణం. ఆయన ఫోటోని కత్తిరించేవాడు కాదని, ఏదీ మార్చేవాడు కాదని చదివాక నేనూ ఏమీ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కానీ నా నలుపు తెలుపు ఫోటోలు బూడిద పూసినట్టు ఉంటాయి. మొన్న మైలాపూరు కోనేటి దగ్గర పూలు కట్టే పెద్దావిడని తీస్తే, వెనకున్న కరెంటు తీగ ఆవిడ చెవిలోంచి దూరి బయటికొచ్చినట్టు పడింది. ఫోన్లో ఒక్క వేలితో చెరిపేసి అందరికీ చూపించాను. తెగ మెచ్చుకున్నారు. నాకు మాత్రం దొంగతనం చేసినట్టుంది. మా తమ్ముడేమో "బ్లాక్ అండ్ వైట్ చెయ్యడమే పెద్ద మార్పు, ఇంక తీగ దగ్గర పట్టింపేంటి" అంటాడు. వెలుగు కాస్త సర్దినా తప్పేనా? ఫిల్మ్ కెమెరా కొనుక్కుంటే ఈ గొడవ వదులుతుందా? రెండు ఫోటోలూ జతచేశాను. (ఒక పాఠకురాలు, పెరంబూరు)

జవాబు: మీ తమ్ముడు సగం నిజం చెప్పాడు. రంగుల లోకాన్ని తెచ్చి నలుపు తెలుపుల్లో పెట్టడం కంటే పెద్ద మార్పు ఇంకేముంది? అయినా దాన్ని ఎవరూ మోసం అనరు. చూసేవాడికి ఆ సంగతి తెలుసు. మాయాబజార్‌లో లాహిరి లాహిరి పాట నడిచే ఆ వెన్నెల నిజం వెన్నెల కాదు, కెమెరామన్ మార్కస్ బార్ట్లే కల్పించిన వెన్నెల. డెబ్భై ఏళ్ళు కావొస్తోంది, మనలో ఒక్కరైనా మోసపోయామని గొడవ చేశామా? సినిమా అని తెలిసే టిక్కెట్టు కొనుక్కున్నాం. మీ ఫోటో చూసినవాళ్ళకి మాత్రం అక్కడో తీగ ఉండేదని తెలీదు. మీ తమ్ముడు వదిలేసిన సగం ఇది. తీగ దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు ఆ ఒట్టు సంగతి తేల్చాలి.

కార్టియర్ బ్రెస్సన్ తొలినాళ్ళ సంగతి వదిలేస్తే, తన ఫిల్మ్ తాను కడుక్కునేవాడు కాదు, తన ప్రింట్లు తాను తీసుకునేవాడూ కాదు. పారిస్‌లో పియెర్ గాస్మన్ అనే ఆయన నడిపిన ల్యాబు ఆ పని చేసిపెట్టేది. ఫ్రేముని కత్తిరించొద్దన్న పట్టింపు మాత్రం నిజమే. ఆయన ప్రింట్ల చుట్టూ సన్నటి నల్లగీత చూసే ఉంటారు. నెగెటివ్ అంచుదాకా ఏదీ వదలకుండా వేశామనడానికి అదే సాక్ష్యం. కానీ ఆ గీత లోపల ఎక్కడ ఎంత నలుపు, ఎక్కడ ఎంత తెలుపు అన్నది చీకటిగదిలో ఒక మనిషి చేతుల్లో తేలేది.

ఆ చేతులు ఎలా ఆడతాయో నాకు తెలుసు. పదో తరగతి సెలవుల్లో పురసవాక్కంలో మా మేనమామ స్టూడియోలో చేరాను. చీకటిగది అంటే ఒక బీరువా కంటే కాస్త పెద్దది. ఎర్రబల్బు, ఫోటోలు కడిగే హైపో మందు వాసన, మావయ్య బీడీ వాసన. నెగెటివ్‌ని పెద్దది చేసి చూపే ఎన్‌లార్జరు కింద ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ 'ఇందు' పేపరు పెట్టి లైటు వేసేవాడు. వెలుగు ఎంత పడితే పేపరు అంత నల్లబడుతుంది. మనిషి ముఖం నల్లబడేలా ఉందనుకుంటే, సన్నటి ఇనుపతీగ చివర కట్టిన రూపాయిబిళ్ళంత అట్టముక్కని ఆ ముఖం మీద గాల్లో ఆడించేవాడు. ఆకాశం తెల్లగా పోతోందనుకుంటే రెండు అరచేతులూ దొప్పలా పట్టి, మధ్య సందులోంచి ఆకాశానికి మాత్రం ఇంకో పది సెకన్లు వెలుగు పోసేవాడు. చెయ్యి ఆగకూడదు. ఆగితే అక్కడ గీత పడి, చెయ్యి పెట్టినట్టు తెలిసిపోతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ఒక పెళ్ళికొడుకు నెత్తి చుట్టూ దేవుడికి ఉన్నట్టు తెల్లటి వలయం వచ్చింది. పేపరు ఖరీదు నా జీతంలో పోయింది.

నెగెటివ్ పల్చగా ఉంటే నలుపు తెలుపుల తేడా పెంచే హార్డ్ పేపరు, చిక్కగా ఉంటే ఆ తేడా తగ్గించే సాఫ్ట్ పేపరు. ఇంకోటి చెప్పాలి, సిగ్గుపడుతూనే. పెళ్ళిచూపుల ఫోటో అయితే నెగెటివ్ మీదే మొన కోసుగా చెక్కిన పెన్సిల్‌తో మొటిమల మచ్చలు పూడ్చేవాడు. అమ్మాయి రంగుని ఒక మెట్టు పైకెక్కించేవాడు. ఆ ఫోటోలు చూసి ఎంతమంది పెళ్ళికొడుకులు ఒప్పుకున్నారో మావయ్యకే తెలియాలి. పాతకాలం బ్లాక్ అండ్ వైట్ అంటే నీళ్ళు కలపని పాలనుకోకండి.

అంతెందుకు, మీరు ప్రాణంలా చూసుకునే ఆ మడుగు ఫోటో ఉంది చూడండి, 1932లో పారిస్ సెంట్ లజార్ స్టేషను వెనక నీళ్ళ మీదుగా మనిషి దూకుతున్నది. దాన్ని కంచెపలకల సందులోంచి తీశాడు. సందు ఇరుకు, పలక లెన్సుకి అడ్డొచ్చింది. అడ్డొచ్చిన మేరా ప్రింటులో కత్తిరించారు. ఆయన కత్తిరించనిచ్చిన బహుకొద్ది ఫోటోల్లో అదొకటి, అన్నిటికంటే పేరొచ్చిందీ అదే. కాబట్టి మీ ఒట్టు ఆయన పెట్టుకున్నది కాదు, ఆయన మీద భక్తితో మీరు అల్లుకున్నది.

మరి ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఏంటి? నా లెక్కలో, ఆయన షట్టరు నొక్కకముందు చేసినదంతా.

1950 ఏప్రిల్‌లో ఆయన మీ ఊరికి దగ్గర్లోనే ఉన్నాడు. అరుణాచలంలో, రమణ మహర్షి ఆఖరి రోజుల్లో. ఏప్రిల్ 14 రాత్రి మహర్షి కన్నుమూసిన వేళ ఆకాశంలో ఒక వెలుగు కొండ మీదుగా జారడం తాను కళ్ళారా చూశానని చెప్పాడు. ఆ వెలుగు ఆయన మాటల్లోనే మిగిలింది. ఇవాళ్టి వాళ్ళెవరైనా అయితే ఆశ్రమం ఫోటో మీద ఒక చుక్కని అంటించి పడేసేవారు, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టేవారు. ఆయన అక్కణ్ణుంచి పాండిచ్చేరి వెళ్ళి అదే నెలలో అరవిందుల్ని తీశాడు.

దానికి రెండేళ్ళ ముందు, 1948 జనవరి 30న, గాంధీని కలిసి వచ్చిన రోజే ఆయన హత్య జరిగింది. ఆ రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర నెహ్రూ జనానికి ఆ మాట చెబుతున్న ఫోటో వెతికి చూడండి. మసకగా ఉంటుంది. కదిలిపోయింది. వీధిదీపం ఒకటి పక్కన మండుతుంటుంది. మీ ఆఫీసులో ఎవరికైనా చూపిస్తే డిలీట్ చెయ్యమంటారు. ఫ్లాష్ వాడడం ఆయనకి గిట్టదు, ఉన్న వెలుగులోనే తీశాడు, వచ్చింది వచ్చినట్టే ఉంచాడు. ఆ మసకలోనే ఆ రాత్రి ఉంది. అదే ఏడాది శ్రీనగర్‌లో హరిపర్బత్ కొండ మీద ప్రార్థన చేస్తున్న ఆడవాళ్ళ ఫోటో ఇంకో రకం. వాళ్ళు మనవైపు వీపు పెట్టుకుని ఉంటారు. ఒకావిడ నిలబడి రెండు చేతులూ చాచింది. దూరంగా కొండలు, మబ్బులు. ఆ మబ్బుల్ని ఆవిడ అరచేతుల్లోకి తీసుకుంటోందేమో అనిపిస్తుంది. ఎక్కడ నిలబడితే ఆ చేతులూ ఆ మబ్బులూ ఒకచోటికి వస్తాయో అక్కడ నిలబడ్డాడు, అంతే. మీరు ఆ ఫోటో చూసి బూడిదరంగు ఛాయలు నేర్చుకోవాలనుకుంటున్నారు. నేనైతే ఆయన కాళ్ళు ఎక్కడున్నాయో చూడమంటాను.

ఇప్పుడు మీ బూడిద సంగతి.

మీరు పంపిన ఫోటో పెద్దది చేసుకుని చూశాను. పెద్దావిడ గోనెపట్టా మీద కూర్చుంది. అరటినార ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుంది. ముందు మూడు కుప్పలు, మల్లెలు, కనకాంబరాలు, మరువం. మల్లెలు బాగా వచ్చాయి. కనకాంబరాలూ మరువమూ మాత్రం కలిసిపోయి ఒకటే ముద్ద. ఏది పువ్వో ఏది ఆకో తెలీదు. రంగుల్లో అయితే అవి రెండూ కంట్లో పొడుచుకునేంత వేరు. ఏమైంది మరి?

మామూలుగా రంగుని నలుపు తెలుపుగా మార్చేటప్పుడు కెమెరా అయినా ఫోన్ అయినా ఒక లెక్క వేస్తుంది. ఆకుపచ్చ వెలుగు నుంచి సుమారు 59 పాళ్ళు, ఎరుపు నుంచి 30, నీలం నుంచి 11. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ ఆనుతుంది కాబట్టి ఆ లెక్క. కనకాంబరం నారింజలో ఎరుపు దండిగా ఉంది, మరువంలో ఆకుపచ్చ ఓ మోస్తరుగా ఉంది. కూడి చూస్తే రెండూ ఇంచుమించు ఒకే అంకె. రంగుల్లో పోట్లాడుకునే ఆ ఇద్దరూ వెలుగు లెక్కలో అన్నదమ్ములు. అందుకే ముద్ద.

ఫిల్మ్ రోజుల్లో ఈ తంటా తెలిసినవాళ్ళు లెన్సు ముందు ఆరెంజ్ ఫిల్టర్ బిగించేవారు. నారింజ పూలు తేలిపోయేవి, ఆకులు నల్లబడేవి, నీలాకాశం చిక్కబడి మబ్బులు పైకొచ్చేవి. ఇప్పుడు అదే పనికి మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగుకీ ఒక్కో మీట ఉంటుంది. ఆరెంజ్ కాస్త పైకి, ఆకుపచ్చ కాస్త కిందికి. అలా చేస్తే మూడు కుప్పలూ మళ్ళీ మూడవుతాయి. ఇది తప్పా అంటే, కాదు. అక్కడ మూడు కుప్పలు ఉన్నాయి, ఫోటోలో రెండే కనపడుతున్నాయి. మీరు ముట్టుకోకపోవడం వల్లే ఫోటో అబద్ధం చెబుతోంది.

కానీ ఒకచోట చెయ్యి అదుపులో పెట్టుకోండి. ఆరెంజ్ పైకి తోసినకొద్దీ ఆవిడ ఒంటిరంగు కూడా తెల్లబడుతుంది. మన చర్మంలో ఉన్నది ఆ రంగే. ఆవిడ నలుపు ఆవిడది. ఎండలో ముప్ఫై నలభై ఏళ్ళు కూర్చుని సంపాదించుకున్నది కూడా కావచ్చు. మా మావయ్య పెన్సిల్ పని మళ్ళీ మీరు చెయ్యొద్దు. తీగ చెరపడం కంటే ఇది నాకు పెద్ద తప్పుగా కనపడుతుంది. మీకు అలా అనిపించకపోతే పోట్లాడను కానీ నా పట్టింపు నాది.

బొట్టు సంగతి కూడా ఇలాంటిదే. మీ ఇంట్లో ముత్తవ్వ ఫోటో ఏదైనా ఉంటే చూడండి, కుంకుమబొట్టు కాటుకబొట్టులా నల్లగా ఉంటుంది. ఆ కాలపు ఆర్థోక్రోమాటిక్ ప్లేటుకి ఎరుపు కనపడేది కాదు. చీకటిగదిలో ఎర్రబల్బు వేసుకుని ప్రింట్లు తీసేదీ అందుకే, ఆ పేపరుకీ ఎరుపు కనపడదు. తర్వాత వచ్చిన పాన్‌క్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనిపించింది. అప్పుడు ఇంకో చిక్కు, చామనఛాయ నుదుటి మీద కుంకుమ ఉందో లేదో తెలీకుండా కలిసిపోయింది. ఇందులో ఏది మార్చని ఫోటో, చెప్పండి?

డిజిటల్‌లో అయితే అసలా ప్రశ్నే నిలవదు. రా ఫైల్ అంటే, సెన్సరు పట్టిన వెలుగు లెక్కలు ఇంకా బొమ్మ కాకముందు ఉండేది, వండని పిండి. దాన్ని దోసె చెయ్యాలంటే ఎవరో ఒకరు పెనం మీద పొయ్యాలి. మీరు పొయ్యకపోతే కెమెరా కంపెనీ ఇంజనీరు ముందే పోసి పెడతాడు, ఎంత నలుపు ఎంత తెలుపు అన్నది అతని ఇష్టం. ఫోన్ ఇంకా ఘనం, మీరు ఒకసారి నొక్కితే అది కొన్ని ఫ్రేములు తీసి కలిపి ఒకటి చేస్తుంది. ముట్టుకోనన్న మీ ఒట్టు వల్ల జరిగేది, మీ బదులు ఇంకొకరు ముట్టుకోవడం.

మీ బూడిదకి ఇంకో చిన్న కారణం మీటరు. కెమెరాలో వెలుగుని కొలిచే ఆ మీటరు లోకమంతా నడిమి బూడిదే అనుకుంటుంది. ఫ్రేము నిండా తెల్లపంచెలుంటే వాటిని లాగి బూడిద చేస్తుంది, నల్లరాతి మండపముంటే దాన్నీ లేపి బూడిద చేస్తుంది. పంచెలకి ఒక స్టాప్ పెంచండి, అంటే వెలుగు రెండింతలు, రాతికి ఒకటి తగ్గించండి. ఇది ఒక్క వారంలో చేతికొస్తుంది.

చేతికి రానిది చెన్నై ఎండ. మీరు పారిస్ బూడిదల్ని మైలాపూరులో వెతుకుతున్నారు. డిసెంబరు మూడోవారంలో పారిస్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 18 డిగ్రీల ఎత్తుకి మించి లేవడు. రోజంతా సాయంత్రమే అన్నమాట. పైగా మబ్బు. మనకి అదే డిసెంబరు మధ్యాహ్నం 53 డిగ్రీలు. ఏప్రిల్ చివరి వారంలో, ఆగస్టు మూడోవారంలో అయితే నడినెత్తిన నిలబడతాడు, నీడ కాళ్ళ కిందే దాక్కుంటుంది. కనుగుంటలు బావుల్లా అవుతాయి, ముక్కు కింద మీసం లేనివాళ్ళకి కూడా నీడ మీసం మొలుస్తుంది. సముద్రపు ఉక్కకి ఆకాశం నీలంగా ఉండదు, పాలు విరిగినట్టు తెల్లగా ఉంటుంది. మీ ఫోటోల్లో పైభాగం అంతా చప్పగా ఉండడానికి అదే కారణం. కెమెరా పాపం ఏమీ లేదు.

దీనికి మందు ఒకటే, ఆకాశాన్ని ఫ్రేములోంచి పంపించెయ్యడం. గొడుగుల కింద, అరుగుల మీద, తడికల పందిట్లో వెలుగు పక్కనుంచి వస్తుంది. ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య మాడవీధుల్లో తూర్పుగోడ నీడలో నిలబడి, పడమటిగోడ మీద పడి తిరిగొచ్చే వెలుగులో మనుషుల్ని తియ్యండి. అది కూడా వద్దనుకుంటే మీకు రెండడుగుల దూరంలో తిరుమయిలై రైల్వేస్టేషను ఉంది. బయటినుంచి చూస్తే గోదాములా ఉంటుంది కానీ లోపల అంత కాంక్రీటు చీకటిలోకి పక్కలనుంచి వెలుగు పడే తీరు నాకు ఈ ఊళ్ళో ఇంకెక్కడా దొరకలేదు. కార్టియర్ బ్రెస్సన్ ఇప్పుడు వస్తే కోనేటి దగ్గర కాదు, అక్కడే ఓ పూట గడుపుతాడని నా నమ్మకం. ఈశాన్య రుతుపవనం మొదలైతే, అక్టోబరు నుంచి, ఎక్కడ తీసినా ఫరవాలేదు. అప్పుడు ఊరంతా మీ పారిసే.

సరే, తీగ.

మీకంటే ముందు ఈ పని చేసినవాళ్ళున్నారు. 1936లో డొరొథియా లాంజ్ కాలిఫోర్నియాలో తీసిన వలసకూలీ తల్లి ఫోటో లోకమంతా చూసింది. అందులో కుడిపక్క కిందిమూల గుడారం కర్రని పట్టుకున్న ఒక బొటనవేలు పడింది. లాంజ్‌కి అది కంట్లో నలుసైంది. కొన్నాళ్ళకి నెగెటివ్ మీద దాన్ని మసకబారేలా చేయించింది. ఆ ఫోటో తీయించిన ప్రభుత్వ విభాగం అధికారి రాయ్ స్ట్రైకర్‌కి అది నచ్చలేదు. ఇప్పటికీ జాగ్రత్తగా చూస్తే ఆ వేలి జాడ దయ్యంలా కనపడుతుంది. ఆ తల్లి ఆకలి అబద్ధమైపోలేదు. అయినా ఆ ఫోటో గురించి ఎవరు మాట్లాడినా ఆ వేలి దగ్గర ఒక్క క్షణం ఆగక తప్పడం లేదు.

2010లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో బహుమతి ఇచ్చిన ఒక ఫోటోని తర్వాత తీసేశారు. చేతికి కట్టు కడుతున్న దృశ్యం. అసలుది రంగుల్లో ఉంది. దాన్ని బాగా కత్తిరించి, నలుపు తెలుపు చేసి, అంచుల్ని చీకటి చేశారు. తీసెయ్యడానికి కారణం అవేవీ కాదు. వెనకనుంచి కొంచెం తొంగిచూస్తున్న ఒక పాదం కొసని చెరిపేశారు, అందుకు. మీ తమ్ముడికి చదివి వినిపించండి. వెలుగుని సర్దినందుకు ఏమీ అనని జడ్జీలు ఒక వేలెడు పాదం దగ్గర ఆగిపోయారు. నాకు ఆ గీత సరైనచోటే గీశారనిపిస్తుంది.

మీ చెరిపిన ఫోటో మాత్రం ఇంకోసారి చూడండి, చెవి దగ్గర. తీగతో పాటు ఆవిడ కమ్మ పక్కన ఎగురుతున్న నెరిసిన వెంట్రుకలు నాలుగు పోయాయి. వెనకగోడ పెచ్చులూడి ఉంది కదా, ఫోన్ అక్కడొక అంగుళం మేర కొత్తగా సున్నం వేసిపెట్టింది. ఆ గోడకి అంత మంచి సున్నం కోవిల వాళ్ళు కూడా వెయ్యలేదు. మీకు దొంగతనంలా అనిపించింది అందుకేనేమో, వద్దనుకున్నదాన్ని తీస్తే అడగనివి కూడా పోయాయి.

ఇక షట్టరు ముందు సంగతి. తీగ పడిన తీరు చూస్తే మీరు ఆవిడ ముఖానికి సరిగ్గా ఎదురుగా కూర్చుని తీశారు. కెమెరాని ఇంకో జానెడు కిందికి దించి ఉంటే ఆవిడ తల వెనకగోడ మీద పైకి జరిగేది, తీగ భుజం వెనక్కి దిగిపోయేది. ఫోటోలో తీగ ఉండేది, చెవిలో ఉండేది కాదు. మైలాపూరులో తీగలుంటాయండీ, ఉండనివ్వండి. జానెడు దించడానికి అర సెకను పడుతుంది, కానీ తీగని ముందే చూసుండాలి. మీరు ఆవిణ్ణి మాత్రమే చూశారు. ఆ వయసులో నేనూ అంతే.

1984లో నాకూ మీలాగే మడుగు మీద దూకే మనిషి కావాల్సొచ్చాడు. కాశిమేడు చేపలరేవులో రెండు పడవల మధ్య కుర్రాళ్ళు దూకే చోటు చూసుకుని మూడు ఆదివారాలు కాపు కాశాను. మూడో ఆదివారం దొరికాడు. ఫిల్మ్ రోలు కడిగితే ఫోటో బాగానే ఉంది, ఎవరికి చూపించినా "ఓ, బ్రెస్సన్‌లా ఉందే" అన్నారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు కుర్రాడు దూకాక వెనక్కి తిరిగాను. వేలంపాట అయిపోయిన ఒకామె ఖాళీ ఐసుపెట్టె మీద కూర్చుని నోట్లు లెక్కపెట్టుకుంటోంది, చేతినిండా చేప పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి, పెట్టెలో మనవడు ముడుచుకుని నిద్రపోతున్నాడు. కెమెరా ఎత్తేసరికి ఆమె లేచిపోయింది. ఎంతసేపట్నించి అలా కూర్చుందో. నలభై ఏళ్ళు దాటింది, దూకే కుర్రాడి ప్రింటు ఎక్కడ పోయిందో తెలీదు.

మూడు నెలలపాటు ఇలా చేసి చూడండి. ఒకే చోటు, కోనేటి ఉత్తరపు మాడవీధి చాలు. ఒకే లెన్సు, ఆయన వాడిన 50 మిల్లీమీటర్లకి సరిపడేది. మీ కెమెరా సెన్సరు చిన్నది కాబట్టి 35 పెట్టుకోండి. వ్యూఫైండర్‌లో బొమ్మ నలుపు తెలుపులో కనపడేలా సెట్ చేసుకోండి, రా ఫైల్‌లో రంగులు ఎలాగూ ఉంటాయి. వెళ్ళినప్పుడల్లా 36 ఫ్రేములే, తీసినవెంటనే వెనక తెర చూసుకోవద్దు. ఇంటికొచ్చాక 36నీ ఒకే కాగితం మీద చిన్నచిన్నగా ప్రింటు వేసి వారంపాటు ఫ్రిజ్ తలుపుకి అంటించండి. బాగున్నవాటిని కాదు, బాగున్నదానికి ముందూ వెనకా తీసినవాటిని చూడండి, మీ కాళ్ళు ఎటు కదిలాయో అక్కడ తెలుస్తుంది. ఈ మూడు నెలలూ కత్తిరించకండి. ఒట్టని కాదు, కత్తిరించే వీలుందంటే కాళ్ళు బద్ధకిస్తాయి. ఆ తర్వాత మీ ఇష్టం.

ఇంకొకరిని కూడా దగ్గర పెట్టుకుని చూడండి, ఒక్కరినే చూస్తే అనుకరణ వదలదు. మైసూరు టి.ఎస్. సత్యన్, ఢిల్లీలో పనిచేసిన హోమాయ్ వ్యారావాలా. మన వెలుగులో, మన మనుషుల్ని తీసినవాళ్ళు. వ్యారావాలా చీర కట్టుకుని బరువైన కెమెరాలు మోసుకుంటూ సైకిలు మీద తిరిగేది. మీ ఆఫీసు క్యాబుకి దిష్టి తగలకూడదు.

ఫిల్మ్ కెమెరా వద్దు, ఇప్పుడే వద్దు. రోలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యికి పైమాటే, 36 ఫోటోలకి. ఇంట్లో కడుక్కుంటానంటారా, ఫిల్మ్ కడిగే డెవలపరు మందు 20 డిగ్రీలుండాలి. మేలో చెన్నై కుళాయిలో వచ్చేది వేణ్ణీళ్ళు. మావయ్య ఐసుముక్కలు తెప్పించి బకెట్‌లో వేసేవాడు, పక్కింటి సోడాకొట్టు ఆయన ఆ ఐసు గురించి రోజూ పోట్లాట. స్కాన్ చేశాక ఆ ఫోటో కూడా మీ ఫోన్లోకే వస్తుంది, చెరిపే వేలూ అక్కడే ఉంటుంది.

చెరిపిన ఫోటో మెచ్చుకున్నవాళ్ళకి తీగ ఉన్నది కూడా చూపించి, ఇదీ సంగతని ఒక్క ముక్క చెప్పెయ్యండి. కొందరు చెరిపిందే బాగుందంటారు, అననివ్వండి. తర్వాత తీగ ఉన్న ఫోటోలో మరువాన్నీ కనకాంబరాన్నీ విడదీసి, ముఖం జోలికి పోకుండా, ఒక ప్రింటు తీసి ఆవిడకి ఇవ్వండి. ఉట్టి పేపరు మీద వద్దు, పూలతడికి రెండ్రోజుల్లో ఉబ్బిపోతుంది, ల్యామినేషన్ చేయించండి. పొద్దున్నే వెళ్ళకండి, బేరాల వేళ. పదకొండు దాటాక గిరాకీ సన్నగిల్లి నార చుట్టుకుంటూ కూర్చుంటుంది, అప్పుడు వెళ్ళి ఒక మూర మల్లెలు కొనుక్కుని కాసేపు పక్కన కూర్చోండి. కెమెరా సంచిలోనే ఉంచండి.